శీలావతిని పీడించే పేను

తెల్లవారుజామున మేత సంచులు కట్టడానికి పడవ వేసుకుని వెళ్లిన కూలీకి అందరికంటే ముందు తెలుస్తుంది, చెరువులో ఏదో తేడా వచ్చిందని. రోజూ సంచి నీళ్లలో దిగీ దిగకముందే మూగే శీలావతి చేపలు ఆ రోజు దూరదూరంగా తిరుగుతుంటాయి. కొన్ని ఉన్నట్టుండి నీటిపైకి ఎగిరి పక్కవాటుగా పడతాయి. ఇంకొన్ని వెదురు గెడలకు ఒళ్లు రాసుకుంటాయి. సాయంత్రానికి సంచిలో సగం మేత అలాగే మిగిలిపోతుంది. కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం చుట్టుపక్కల ఏ చేపల రైతుతోనైనా ఈ నాలుగు లక్షణాలు చెబితే చాలు, అయిదోది అడగకుండానే ‘పేను పట్టింది’ అంటాడు.

ఆ పేను పేరు అర్గులస్. పేను అని పిలవడమే గానీ ఇది పురుగుల జాతిది కాదు. రొయ్యలు, పీతలు ఉండే వర్గానికి చెందిన జీవి. ఈ చుట్టరికం సంగతి గుర్తుపెట్టుకోవాలి, మందుల దగ్గరికి వచ్చేసరికి దీనితో పెద్ద పని పడుతుంది. పెసరబద్దంత ఉంటుంది, బల్లపరుపుగా ఉంటుంది, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. చేప ఒంటి రంగులో కలిసిపోవడం వల్ల దగ్గరికి పట్టి చూస్తే తప్ప కనబడదు. రెండు నల్లని కళ్లు, ఈదడానికి నాలుగు జతల కాళ్లు, పొట్టవైపు రెండు గుండ్రని పట్టులు ఉంటాయి. ఆ పట్టులతో చేప చర్మానికి అంటుకుని సూదిలాంటి ముల్లును లోపలికి దింపుతుంది. దాని గుండా వదిలే ద్రవం చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగిస్తుంది. కరిగినదాన్నీ రక్తాన్నీ పీల్చుకుని, అక్కడ పని అయ్యాక మరోచోటికి జరిగి మళ్లీ గుచ్చుతుంది. ఒక చేపను వదిలి మరో చేపను వెతుక్కుంటూ ఈదిపోగలదు కూడా.

రెండు మూడు పేలుంటే పెద్ద చేపకు లెక్కలోకి రాదు. పదులూ వందలూ పట్టినప్పుడే ప్రమాదం. గుచ్చిన ప్రతిచోటా ఎర్రని మచ్చ పడుతుంది, పొలుసు వదులవుతుంది, కాపాడే జిగురు పొర చెదిరిపోతుంది. ఆ గాయాల గుండా నీటిలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా లోపలికి చేరి పుండ్లు పెడుతుంది. చాలామంది రైతులు మేల్కొనేది ఈ దశలోనే. పుండు కనబడగానే యాంటీబయాటిక్ కొనుక్కొస్తారు. పుండుకు దారి తీసిన పేను మాత్రం చేప ఒంటిమీద అలాగే ఉంటుంది. వారం తిరిగేసరికి కొత్త పుండ్లు పుడతాయి. డబ్బు పోతుంది, చేప తగ్గుతుంది, పైగా చెరువులోని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది.

చేప చచ్చిపోతేనే నష్టం అనుకోకూడదు. పేను పట్టిన చేప మేత తినదు, తిన్నదీ ఒంటికి పట్టదు. కిలో బరువు రావలసిన సమయానికి ముప్పావు దగ్గరే ఆగుతుంది. పట్టుబడి రోజున ఎర్రమచ్చలున్న చేపను వ్యాపారి పక్కకు నెట్టేస్తాడు, లేదంటే ధర కోస్తాడు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సిఫా, శాస్త్రవేత్తలు వివిధ రాష్ట్రాల్లోని కార్పు చెరువులను పరిశీలించి, పేను వల్ల హెక్టారుకు ఏటా సుమారు 29,500 రూపాయల నష్టం వస్తోందని 2013లో లెక్కగట్టారు. అది ఆనాటి ధరల లెక్క.

కొల్లేరు చుట్టుపక్కల ఈ బెడద ఇంతగా పాతుకుపోవడానికి కారణం పేను ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఇక్కడి సాగు పద్ధతే దానికి కలిసొచ్చింది. కోల్‌కతా, గువాహటి మార్కెట్లలో అన్నిటికంటే గిరాకీ ఉన్నది రోహుకు, అంటే మన శీలావతికి. అందుకే ఈ ప్రాంతపు చెరువుల్లో వేసే పిల్లలో ఎనభై, తొంభై శాతం శీలావతే ఉంటుంది. మిగిలింది బొచ్చె. మోసు, గడ్డిచేప, బంగారుతీగ చాలా చెరువుల్లో పేరుకు మాత్రమే. పేను కూడా శీలావతినే ఎక్కువగా ఇష్టపడుతుంది. కార్పు చేపలన్నిటిలో దీనికి సులువుగా చిక్కేది శీలావతేనని పరిశోధనలు చెబుతున్నాయి. బెంగాలీల పళ్లెంలోకి వెళ్లడానికి ఒకే రకం చేపతో చెరువు నింపితే, పేనుకు కూడా కోరుకున్న తిండి దొరికినట్టే.

రెండో కారణం మేత సంచులు. నూనె తీసిన తవుడును, చెక్కను కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చెరువంతటా పాతిన వెదురు గెడలకు, వాటి మధ్య లాగిన తాళ్లకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి కన్నాల దగ్గర మూతి పెట్టి తింటాయి. మేత వృథా కాకుండా గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు చేపట్టిన మంచి పద్ధతి ఇది. అయితే రోజుకు రెండు పూటలా వందల చేపలు ఒళ్లు ఒళ్లు తగిలేలా ఒకేచోట మూగినప్పుడు ఒకదాని మీది పేను మరోదాని మీదికి మారడానికి ఏ కష్టమూ ఉండదు.

వెదురు గెడ సంగతి ఇంకా ముఖ్యమైనది. అర్గులస్ తన గుడ్లను ఒంటికి తగిలించుకుని తిరగదు. గుడ్లు పెట్టే సమయానికి ఆడపేను చేపను వదిలి ఈదుకుంటూ వెళ్లి, నీటిలో గట్టిగా ఉన్న వస్తువు ఏదైనా వెతుక్కుంటుంది. రాయి, తూము గోడ, కర్ర, మొక్క కాడ, ఏదైనా సరే. దాని మీద వరసలు వరసలుగా, జిగురుతో అంటించినట్టు గుడ్లు పెడుతుంది. మన నీటి వేడిమిలో రెండు మూడు వారాల్లో అవి పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్లకు రెండు మూడు రోజుల్లో చేప దొరక్కపోతే బతకదు. దొరికితే కొన్ని వారాల్లోనే తానూ గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. బురద అడుగుతో, మట్టి గట్లతో ఉండే చెరువులో గుడ్లకు అనువైన గట్టి చోటు పెద్దగా దొరకదు. ఎకరాలకొద్దీ పాతిన వందల గెడలే ఆ లోటు తీరుస్తున్నాయి.

ఇదే పేనుకున్న బలహీనత కూడా. గుడ్లు ఎక్కడ పెడుతుందో తెలిస్తే అక్కడే పట్టుకోవచ్చు. చెరువులో అక్కడక్కడా వెదురు తడికలనో చెక్క పలకలనో నిలబెట్టి, వారానికోసారి బయటికి తీసి ఎండలో బాగా ఆరబెడితే వాటిమీది గుడ్లు చచ్చిపోతాయి. ఆరిన పలకను మళ్లీ నీటిలో పెట్టవచ్చు. పట్టుబడి అయ్యాక పాత గెడలను అలాగే వదిలేయకుండా పీకి గట్టుమీద ఎండబెట్టడం, వీలున్న చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి సున్నం చల్లడం కూడా ఈ కోవలోవే. కొల్లేరు లోతట్టు చెరువుల్లో పూర్తిగా ఎండగట్టడం చాలాసార్లు కుదరదు. గెడలను ఎండబెట్టడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని చేసే రైతులు తక్కువ. మందుల దుకాణంలో అమ్ముడుపోయే పని కాదు గనుక దీని గురించి చెప్పేవాళ్లు కూడా తక్కువే.

మందుల సంగతికి వద్దాం. చాలా ఏళ్లపాటు పేను మందు అంటే డైక్లోర్వాస్. నువాన్ అనే పేరుతో ఇళ్లలో బొద్దింకల మీద కొట్టిన మందే ఇది. చవక, వెంటనే పనిచేస్తుంది. కొట్టిన కాసేపటికే పేలు రాలిపోతాయి. కానీ అది మనిషి నరాల మీద కూడా పనిచేసే విషం. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వాటిలో డైక్లోర్వాస్‌తో పాటు చేపల చెరువుల్లో వాడుతూ వచ్చిన ట్రైక్లోర్‌ఫాన్ కూడా ఉంది. ఈ రెండింటికీ 2020 డిసెంబర్ 31 గడువు పెట్టారు. ఆ తేదీ దాటాక ఎవరైనా వీటిని చెరువుకు సిఫారసు చేస్తే చట్టానికి విరుద్ధమైన సలహా ఇస్తున్నట్టే.

వాటి స్థానంలో ఎక్కువగా వాడేవి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు. పశువుల ఒంటిమీది గోమార్లకు, పత్తి పొలంలో పురుగుకు కొట్టే రకమే ఇవి. అతి తక్కువ మోతాదులో అర్గులస్‌ను చంపుతాయి. ఇబ్బందల్లా, చేపకు కూడా వీటిని తట్టుకునే శక్తి చాలా తక్కువ. పేనును చంపే మోతాదుకూ చేపను చంపే మోతాదుకూ మధ్య ఉన్న దూరం కొద్దిపాటిదే. అక్కడే లెక్క తప్పకూడదు.

లెక్క ఎలా తప్పుతుందో చూడండి. ఎకరం చెరువులో అయిదు అడుగుల నీరుంటే దాదాపు 6,000 ఘనపు మీటర్లు, అంటే 60 లక్షల లీటర్లు. అదే చెరువులో ఎండలకు నీరు తగ్గి నాలుగు అడుగులే ఉందనుకుందాం. రైతు మాత్రం అయిదు అడుగులన్న పాత లెక్కతోనే మందు పోశాడు. చేపకు అందిన మోతాదు నాలుగోవంతు ఎక్కువైంది. మధ్యలో అయిదు అడుగులు, గట్ల దగ్గర మూడు అడుగులు ఉండే చెరువుకు మధ్య లోతునే లెక్క వేసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. పడవ మీద తిరిగి పది పన్నెండు చోట్ల కర్రతో లోతు కొలిచి సగటు తీస్తే గంట పడుతుంది. ఆ గంట మిగుల్చుకోవడం కోసం చెరువు మొత్తాన్ని పణంగా పెడుతున్నారు.

చుట్టరికం సంగతి గుర్తుందిగా. పేనును చంపే మందు దాని బంధువులైన రొయ్యలను కూడా వదలదు. ఇప్పుడు ఎన్నో చెరువుల్లో చేపలతో పాటు వనామీ రొయ్యను కలిపి పెంచుతున్నారు. అలాంటి చెరువులో డెల్టామెత్రిన్ పోస్తే పేనుతో పాటు రొయ్య కూడా పోతుంది. రొయ్య వేయని చెరువులోనూ బొచ్చె పిల్లలకు ప్రాణాధారమైన సన్నని నీటి జీవులు తుడిచిపెట్టుకుపోతాయి. మందు కలిసిన నీటిని కాలువలోకి వదిలితే కింది చెరువుల వాళ్లు కూడా ఆ దెబ్బ తింటారు.

మేతలో కలిపి పెట్టే మందులకు ఈ చిక్కు కొంత తక్కువ. ఐవర్‌మెక్టిన్, దాని బంధువైన ఎమామెక్టిన్ బెంజోయేట్ ఈ వర్గంలోవి. జపాన్ మట్టిలో సతోషి ఓమురా వెలికితీసిన ఒక సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందుల కుటుంబం ఇది. మనుషుల్లో నదీ అంధత్వం వంటి జబ్బుల చికిత్సకు దారి చూపినందుకు ఓమురాకూ, విలియం క్యాంప్‌బెల్‌కూ 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. సముద్రంలో సాల్మన్ చేపలు పెంచే దేశాల్లో, వాటికి పట్టే పేనుకు ఎమామెక్టిన్‌నే చేప బరువులో కిలోకు రోజుకు 50 మైక్రోగ్రాముల చొప్పున వారం రోజులు మేతలో ఇస్తారు. ఆ లెక్కన పది టన్నుల చేపకు రోజుకు కావలసిన అసలు మందు అర గ్రాము. చెరువులోని లక్షల లీటర్ల నీటికి వేసే మోతాదుతో పోలిస్తే ఇది చాలా కొద్ది.

అయితే పేను ముదిరిన చేప మేత ముట్టదు. మేత ముట్టని చేపకు మేతలో మందు కలిపి లాభం లేదు. కాబట్టి ఈ మందు పనిచేసేది మొదట్లోనే, వలలో పడిన ప్రతి చేప మీదా ఒకటో రెండో పేలు కనబడినప్పుడే. పదిహేను రోజులకోసారి నాలుగైదు చోట్ల చిన్న వల విసిరి, కొన్ని చేపలను రెక్కల మొదళ్ల దగ్గర, గొంతు కింద, మొప్పల మూతల చుట్టూ పరీక్షగా చూసే అలవాటున్న రైతుకే ఆ అవకాశం దొరుకుతుంది.

ఏ మందైనా సరే, చేప ఒంటిమీదున్న పేనుకే తగులుతుంది. గెడకు అంటుకున్న గుడ్డుకు తగలదు. పేలన్నీ రాలిపోయాయని రైతు సంతోషించిన రెండు మూడు వారాలకు గుడ్లు పొదిగి, మళ్లీ మొదటికొస్తుంది. ‘ఈ మందు పనిచెయ్యడం లేదు’ అని అంతకంటే ఘాటైన మందు కోసం పరుగెడతాడు. నిజానికి మందు పనిచేసింది. పొదిగిన కొత్త పిల్లలు ముదిరి గుడ్లు పెట్టకముందే రెండోసారి వెయ్యాలి. మధ్యలో గెడలను ఎండబెట్టి ఉంటే ఆ రెండోసారికి మిగిలే పేలు ఎంతో తగ్గుతాయి. మోతాదు పెంచడం కంటే తేదీ చూసి వెయ్యడం ముఖ్యం. ఘాటు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో నార్వే, స్కాట్లండ్, చిలీ దేశాల సాల్మన్ రైతులు ఇప్పటికే చూశారు. అక్కడి పేలు ఒకదాని తర్వాత ఒకటిగా మందులకు లొంగడం మానేశాయి.

అర్గులస్ కంటికి కనబడుతుంది, అదొక్కటే మేలు. కంటికి కనబడని పరాన్నజీవులు మంచినీటి చేపకు ఇంకా చాలా ఉన్నాయి. లంగరు పురుగు ఒకటి కొంతవరకు కనబడుతుంది. దీని ఆడజీవి తలను లంగరులా చేప మాంసంలోకి దింపి, దారప్పోగులాంటి ఒంటిని బయటికి వేలాడేస్తుంది. చేప కొద్దిగా ఉన్న తొట్టిలోనైతే చిమటాతో లాగేసి, గాయానికి మందు రాయవచ్చు. చెరువులో మాత్రం పొదిగి ఈదుతున్న పిల్లదశనే చంపాలి, మాంసంలో దిగిన తల్లి మందుకు తొందరగా లొంగదు. మొప్పల మీద బతికే డాక్టిలోగైరస్, చర్మం మీద బతికే గైరోడాక్టిలస్ అనే సన్నని పురుగులను మైక్రోస్కోపు కిందే చూడాలి. ఇవి పట్టిన చేప ఊపిరందక నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు కూడా చేప అలాగే చేస్తుంది. రెండూ ఒకటేనని అనుకుని ఏరేటర్ పెట్టి ఊరుకుంటే పురుగు పెరుగుతుంది.

తెల్లమచ్చ వ్యాధి అనగానే కోస్తా రైతుకు రొయ్యల వైరస్ గుర్తొస్తుంది. చేపల్లో తెల్లమచ్చ పూర్తిగా వేరు. దానికి కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. ఇది మన దగ్గర చలికాలంలో, ముఖ్యంగా ఇళ్లలోని అక్వేరియాల్లో ఎక్కువ. హైదరాబాద్ దుకాణంలో కొన్న గోల్డ్‌ఫిష్‌ను తెచ్చి నేరుగా పాత తొట్టిలో వదిలిన నాలుగైదు రోజులకు అన్ని చేపల రెక్కల మీదా సన్నని తెల్ల చుక్కలు తేలుతాయి. ఒక్కో చుక్క చర్మం కింద దాగిన ఒక్కో జీవి. అక్కడున్నంతకాలం ఏ మందూ దాన్ని తాకలేదు. కడుపు నిండాక అది చేపను వదిలి తొట్టి అడుగుకు చేరి, గూడు కట్టుకుని, లోపలే విడిపోతూ వందల్లో, ఒక్కోసారి వెయ్యిదాకా పిల్లలను వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో కొత్త చేప దొరకాలని వెతుక్కుంటూ నీటిలో ఈదే ఆ పిల్లదశ ఒక్కటే మందుకు చిక్కేది.

చలి నీటిలో ఈ చక్రానికి వారాలు పడుతుంది, 25 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో పూర్తవుతుంది. అందుకే తొట్టిలో హీటరు పెట్టి నీటిని నెమ్మదిగా 30 డిగ్రీలకు తీసుకెళ్లమంటారు. అక్కడ ఆ జీవి పెరగడం కష్టమవుతుంది, ఉన్నవి త్వరగా చేపను వదిలి మందుకు దొరుకుతాయి. లీటరుకు మూడు గ్రాముల దాకా ఉప్పును గోల్డ్‌ఫిష్ తట్టుకుంటుంది. దానితో పాటు రోజూ అడుగున ఉన్న మడ్డిని పైపుతో తోడేస్తే గూళ్లు కూడా పోతాయి. చుక్కలు మాయమైన రోజే చికిత్స ఆపేస్తే వారం తిరిగేసరికి మళ్లీ వస్తాయి. కనీసం పది పన్నెండు రోజులు సాగించాలి. కొత్త చేపను పాత తొట్టిలో వదిలేముందు రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచితే అసలు ఈ తిప్పలే ఉండవు.

అక్వేరియంలో ఉప్పు చేసే మేలు చూసి చెరువులో కూడా వేద్దామనుకుంటే ఎకరానికి లీటరుకు రెండు గ్రాముల చొప్పున పన్నెండు టన్నుల ఉప్పు కావాలి. ఫార్మలిన్ లెక్క కూడా ఇలాంటిదే. తొట్టికి వాడే 25 పీపీఎం మోతాదును ఎకరం చెరువుకు వెయ్యాలంటే 150 లీటర్లు పొయ్యాలి. పైగా ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. అంత మోతాదుకు దాదాపు లీటరుకు అయిదు మిల్లీగ్రాముల ఆక్సిజన్ తగ్గుతుంది. చాలా చెరువుల్లో తెల్లవారుజామున ఉండేదే అంత. అందుకే ఉప్పు నీటిలో ముంచడం, ఫార్మలిన్ వాడడం పిల్ల దశలో, తొట్టెల్లోనే సరిపోతాయి. కొత్త పిల్లను చెరువులో వదిలేముందు రెండు మూడు శాతం ఉప్పు నీటిలో కొద్ది నిమిషాలు ముంచి, తల్లకిందులవుతుంటే వెంటనే తీసేసి, ఆ నీటిని చెరువుకు దూరంగా పారబోయడం ఎవరైనా చేయగలిగిన పని.

పిల్లల మీద ఇంత జాగ్రత్త ఎందుకంటే పరాన్నజీవి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేసేది వాటితోనే. ఏడాదిపాటు కిక్కిరిసిన చెరువులో ఎదుగుదల ఆపి ఉంచి, తర్వాత పెద్ద చెరువుల్లోకి మార్చే పిల్లను ఆంధ్ర రైతులు ఇష్టపడతారు. పెద్ద చెరువులో వేశాక అది వేగంగా బరువు పెడుతుంది. ఆ కిక్కిరిసిన ఏడాదిలో పేలు, మొప్ప పురుగులు దానికి పట్టే అవకాశమూ ఎక్కువే. 1970లలో స్వీడన్ వైపు నుంచి తెచ్చిన చేపలతో గైరోడాక్టిలస్ సాలారిస్ అనే పురుగు నార్వేలోకి ప్రవేశించి, సుమారు 50 నదుల్లోని సాల్మన్‌ను తుడిచిపెట్టింది. చివరికి నార్వే ప్రభుత్వం నదుల్లో రోటెనోన్ విషం కలిపి మొత్తం చేపలను చంపి, మళ్లీ మొదటి నుంచి పిల్లలను వేసి నదులను బాగుచేసుకోవలసి వచ్చింది. అర మిల్లీమీటరు పురుగు కోసం ఒక దేశం పెట్టిన ఖర్చు అది.

కొన్ని పరాన్నజీవులకు అసలు మందే లేదు. మొప్పల మీద తెల్లని గడ్డలు పెట్టే మిక్సోబోలస్ జాతి జీవులు ఇలాంటివి. ట్రౌట్ చేపపిల్లలు గిరగిరా తిరుగుతూ చచ్చిపోయే వ్యాధికి కారణమైన మిక్సోబోలస్‌ను జర్మనీలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే గుర్తించారు. అయినా అది ఒక చేప నుంచి మరో చేపకు ఎలా సోకుతుందో దాదాపు తొమ్మిది దశాబ్దాలు తేలలేదు. 1984లో అమెరికాలో కెన్ వోల్ఫ్, మరియా మార్కివ్ అనే పరిశోధకులు ముడి విప్పారు. చేప నుంచి రాలిన బీజాన్ని బురదలోని ట్యూబిఫెక్స్ అనే ఎర్రని సన్న పురుగు మింగాలి. దాని పేగుల్లో ఆ బీజం వేరే రూపం దాల్చి బయటికొచ్చాకే మళ్లీ చేపను పట్టుకోగలదు. అంతకుముందు ఈ రెండు రూపాలను శాస్త్రవేత్తలు వేర్వేరు జీవులనుకుని వేర్వేరు వర్గాల్లో పెట్టారు. చెరువు అడుగున మేత కుళ్లి మడ్డి పేరుకుంటే ట్యూబిఫెక్స్ పెరుగుతుంది, దానితో పాటు ఈ జబ్బూ పెరుగుతుంది. కాబట్టి మిగిలిపోయే మేతను తగ్గించడమే దీనికి ఉన్న చికిత్స. అక్వేరియం చేపలకు బజారులో దొరికే బతికున్న ట్యూబిఫెక్స్ పెట్టేవాళ్లకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

మరికొన్ని పరాన్నజీవులు పక్షి కడుపులో పెరిగి, రెట్టతో నీటిలో పడి, నత్తలో ఒక దశ, చేపలో మరో దశ గడిపి, ఆ చేపను తిన్న పక్షిలోకి తిరిగి చేరతాయి. కొంగల్లో ఉండే క్లైనోస్టోమమ్ చేప మాంసంలో పసుపు గుళికల్లా కనబడుతుంది. డిప్లోస్టోమమ్ చేప కంటిని గుడ్డి చేస్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు ఒడ్డునే చేపల చెరువులున్నాయి, ఆటపాక గూడబాతులున్నాయి. పక్షులను తరిమితే జబ్బు పోతుందనే మాట గట్లమీద తరచూ వినబడుతుంది. అది అన్యాయం. పక్షి ఎక్కడికైనా ఎగిరి వస్తుంది. మన చేతిలో ఉన్నది చెరువు అంచుల్లో కలుపును, నత్తలను తగ్గించడం. నత్త దొరక్కపోతే ఈ చక్రం మధ్యలోనే తెగిపోతుంది.

ఏ జీవి పట్టిందో తెలియకుండా మందు వెయ్యకూడదన్న మాట వింటే చాలామందికి విసుగు పుడుతుంది. ల్యాబు దూరం, దుకాణం దగ్గర. కానీ ఉండి మత్స్య పరిశోధన కేంద్రం, విజయవాడ దగ్గర సిఫా ప్రాంతీయ కేంద్రం, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాల వంటివి ఉన్నది ఇందుకే. తీసుకెళ్లవలసింది చెరువు గట్టున తేలిన చచ్చిన చేపను కాదు. చేప చావగానే బయటి పరాన్నజీవులు చాలావరకు దాన్ని వదిలి వెళతాయి, లేదా చచ్చి గుర్తుపట్టలేకుండా పోతాయి. జబ్బు లక్షణాలున్న చేపలను రెండు మూడు, బతికుండగా, అదే చెరువు నీటితో, గాలి నింపిన కవరులో తీసుకెళితే మొప్ప ముక్క ఒకటి, చర్మం మీది జిగురు కొద్దిగా మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసార్లు అక్కడికక్కడే చెప్పగలరు.

పేను పట్టిన చేపను తినవచ్చా అన్నది పట్నంలో కొనేవాళ్ల ప్రశ్న. తినవచ్చు. అర్గులస్ మనిషికి పట్టదు. పొలుసు తీసి కడిగేటప్పుడే పోతుంది. చేప నుంచి మనిషికి వచ్చే పరాన్నజీవులు ఉన్న మాట నిజమే. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చేపతో చేసే కోయి ప్లా అనే వంటకం తినడం వల్ల కాలేయ పురుగు సోకి, కొన్నేళ్లకు పిత్తనాళ క్యాన్సర్ వస్తోందని తేలింది. చింతపండు పులుసులో కుతకుతా ఉడికే చేపలో అలాంటిదేదీ బతకదు. పచ్చిగానో అరకొరగా కాల్చో తినే చేపనైతే మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు గడ్డకట్టించాలన్నది నియమం. ఇంట్లో ఫ్రిజ్ ఆ చలికి చేరుతుందని నమ్మలేం.

తినేవాళ్లు పట్టించుకోవలసింది పురుగు కంటే పురుగుకు వాడిన మందును. తెల్లమచ్చకు అద్భుతంగా పనిచేసే మాలకైట్ గ్రీన్ మాంసంలో చాలాకాలం నిలిచిపోతుంది, క్యాన్సర్‌కు దారి తీస్తుందన్న అనుమానంతో తినే చేపల్లో దాన్ని నిషేధించారు. 2018 జులైలో చేపలో ఫార్మలిన్ ఉందన్న ఆరోపణతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర నుంచి వచ్చే చేపను పది రోజులు ఆపేసింది. ఆ ఫార్మలిన్ చెరువులో పేనుకు వేసిందన్నది కాదు, చేప చెడిపోకుండా వేశారన్నది ఆరోపణ. అయినా లారీలు ఆగినప్పుడు తేడా ఎవరూ అడగలేదు. నష్టం నిజాయితీగా పెంచిన రైతుకు కూడా జరిగింది. కొనేవాడు అడిగినా అడగకపోయినా, ఏ మందు, ఎంత, ఏ తేదీన వేశారో చెరువు గుడిసెలో పుస్తకంలో రాసుకుని, ఆ మందుకు చెప్పిన గడువు దాటేదాకా పట్టుబడి పెట్టకుండా ఆగే రైతులు కొల్లేరు పక్కన ఇప్పుడూ ఉన్నారు. ఆ పుస్తకం చూసి ధర కట్టే వ్యాపారులు ఇంకా రావలసి ఉంది.